తీరికవేళ యంత్రవ్యాసంగము

(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున చేయబడిన ఉపన్యాసము)



నిన్నటినుండి ఈ వేదికమీద మాటలాడిన పెద్దలు విద్యాభివృద్ధిని గూర్చియు, సహకార సంఘముల దుస్థితిని గూర్చియు, వివాహ వ్యయములను తగ్గించుటను గూర్చియు మిక్కిలి గంభీరముగా ప్రసంగించిరి. వారి వెనుక నిలిచి, తీరికవేళ ఇంటిలో కూర్చుండి పాత కంప్యూటరును విప్పి చూచుకొను అలవాటును గూర్చి నేను చెప్పబూనుట కొందరికి హాస్యాస్పదముగా తోపవచ్చును. మన కార్యదర్శిగారు కూడ నా విషయమును వినగానే "ఇది పిల్లల ముచ్చట కదా" యనిరి. పిల్లల ముచ్చటయే. అయినను అందు నాదొక అపరాధము గలదు; మన సంఘము చేయదగిన పనియు నొకటి గలదు. ఆ రెంటిని మీముందు పెట్టుటకే నిలిచితిని.

నేను పుట్టినది ధర్మవరము. పెరిగినది మేనమామగారి యింట, అనంతపురము జిల్లా రాయదుర్గమున. ఇప్పుడు ముసలితనమున కుమారునియింట నుండునది మరియొక రాయదుర్గము. హైదరాబాదునకు పడమట, దుర్గము చెరువునకు ఆవలనున్నది. రెండు ఊళ్లయందును రాళ్లే. అచ్చటి రాళ్లు ఇంకను కొండగానే యున్నవి. ఇచ్చటి రాళ్లను చాలవరకు పగులగొట్టి అద్దాల మేడలు కట్టిరి. 1998 నవంబరు 22వ తేదీని ప్రధానమంత్రి వాజపేయిగారు సమీపమున మాదాపురములో సైబర్ టవర్సును ప్రారంభించిన నాటికి ఈ ప్రాంతమున మేకలు మేయుట చూచినవారు మా వీధిలో ఇప్పటికిని గలరు. 2019 నవంబరు 29న మెట్రోరైలు రాయదుర్గము వరకు వచ్చినది. 2020లో చెరువుమీద తీగల వంతెన వెలసినది. సాయంకాలము ఆ స్టేషను మెట్లయొద్ద నిలుచుండినచో, వీపున సంచి, సంచిలో కంప్యూటరు లేని యువకుడు నూటి కొక్కడైన కానరాడు.

అట్టి చోట కంప్యూటరు నెరుగని యిల్లు లేదు. కంప్యూటరు లోపల నేమున్నదో చూచిన యిల్లును దాదాపుగా లేదు. ఇది నాకు మొదట మిక్కిలి వింతగా దోచినది. గడపకు నాలుగైదు యంత్రములుండును. ఒకటి మందగించినచో దానిని అలమారుపైకి నెట్టి క్రొత్తదానిని తెప్పించుకొందురు. మన తాతలు మగ్గము చెడినయెడల ఎవరికైన కబురు పంపిరా? వడ్రంగికి చెందిన పని వడ్రంగి చేసెనేమోగాని, అచ్చు సరిచేసికొనుట, త్రాళ్లు బిగించుకొనుట, తెగిన పోగును వెదకి ముడివేసికొనుట ఇవన్నియు ఇంటివారివే. పనిముట్టును ఎరిగియుండుట పనిలోని భాగమే యని వారి భావము. ఇప్పుడు మన బిడ్డలు దినమునకు పది గంటలు పనిముట్టుతోనే యుందురు. దాని మూత తీయుటకు మాత్రము జంకుదురు.

వారిని నిందించుటకు నాకు నోరు లేదు. ఏలయనగా ఆ జంకును మా యింట నాటినవాడను నేనే.

1989లో మా కుమారునికి పదునొకండు సంవత్సరములు. నేనొక ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాను. పండుగ బోనసుతో ఒక ట్రాన్సిస్టరు రేడియోను కొనితెచ్చితిని. నెల తిరుగకముందే, ఒక ఆదివారము నేను బజారునుండి తిరిగివచ్చుసరికి, వాడు దానిని చాపమీద ముక్కలు ముక్కలుగా విప్పి, ఒక్కొక్క ముక్కను తీసిన వరుసలోనే పేర్చి, ప్రక్కను పలకమీద అంకెలు వేసికొని కూర్చుండియుండెను. ఆ అంకెలను నేనానాడు చూచితిని గాని, వానియర్థము నాకు ముప్పదియైదేండ్ల తరువాతగాని తెలియలేదు. వాడు మరల బిగించుటకే అంకెలు వేసికొనెను. నేను చెవి మెలిపెట్టి, రెండు దెబ్బలు వేసి, "ఇక నెన్నడైనను దేనినైనను ముట్టితివా, చూడుము" అంటిని. వాడు మిక్కిలి విధేయుడు. మరి యెన్నడును దేనిని ముట్టలేదు. చదివెను, పట్టము పుచ్చుకొనెను, రాయదుర్గమున పెద్ద యుద్యోగమున నున్నాడు, నన్ను ఆదరముతో జూచుచున్నాడు. ఇరువదియేండ్లనుండి కంప్యూటరులతోనే బ్రతుకుచు, ఒక్కదానికైనను మర విప్పలేదు.

మొన్న శీతకాలమువరకు ఈ సంగతిని నేను మరచియే యుంటిని.

మైక్రోసాఫ్టువారు విండోస్ 10 అను వ్యవస్థకు సాధారణ సంరక్షణను 2025 అక్టోబరు 14తో నిలిపిరి. మా యింట నొక పాత ల్యాప్‌టాపు గలదు. దానిలో క్రొత్త వ్యవస్థ కోరు టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము లేదు. కావున అది క్రొత్తదానిని స్వీకరింపదు. కుమారుడు దానిని పాతసామానువానికి ఇచ్చివేయుమనెను. తొమ్మిదవ తరగతి చదువు మా మనుమడు "తాతా, దీన్ని నేను విప్పి చూస్తాను" అనెను. వెంటనే మా కుమారుడు, "ముట్టితివా, చూడుము!" అనెను.

ఆ కంఠము నాది. ఆ మాటయు నాదే. అన్నము కలుపుచున్న నా చేయి నిలిచిపోయినది.

"నాయనా, యంత్రమును నాకిమ్ము, చెడినచో నేను చెడగొట్టితినని యనుకొనుము" అంటిని. వాడు నావంక చూచి, ఏమియు అనక లేచిపోయెను.

మాకు గురువు దొరుకుట కష్టము కాలేదు. మా మేడలోనే క్రింది అంతస్తున ఇ.సి.ఐ.ఎల్. సంస్థయందు పనిచేసి విరమించిన మిత్రుడొకడు గలడు. ఉదయము నడకకు ఇద్దరము కలిసియే పోవుదుము. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఆ సంస్థయే 1969లో టి.డి.సి. 12 అను కంప్యూటరును దేశీయముగా వెలువరించినది. దానిముందు పనిచేసినవారి కథలు ఆయన చెప్పగా వినవలెను. అలమారంత యంత్రమును మరమ్మతుచేసిన చేతులకు ఈ పలకవంటిది బొమ్మయే. అయినను ఆయన మొదటి దినమున మర విప్పనీయలేదు. ఖాళీ గ్రుడ్ల అట్టపెట్టె నొకదానిని తెప్పించి, ఏ వరుస మరలు ఆ గుంటలో వేయవలెనని చెప్పి, గుంటలకు అంకెలు వేయించెను. నాకు పలక జ్ఞాపకమువచ్చినది.

లోపల చూచినదేమి? గాలి విసరు చక్రమునకు దూది పేరుకొన్నట్లు ధూళి. లెక్కచేయు ముక్కకును, వేడిని కొనిపోవు రాగి గొట్టమునకును నడుమనుండు లేపము ఎండి పెచ్చులూడియున్నది. తిరుగుడు పళ్లెముల హార్డుడిస్కు ముసలిదై, ఏ పనికైనను ఆయాసపడుచున్నది. యంత్రము మందగించుటకు దాని వయస్సు కారణముకాదు, ఈ మూడే కారణములు. బ్యాటరీ మాత్రము ఉబ్బియుండెనేని విప్పవలదని, నొక్కవలదని, పొడువవలదని మా మిత్రుడు మరిమరి హెచ్చరించెను. అవి అగ్గి రాజేయగలవు. ఇళ్లలో ఈ పనికి పూనుకొనువారు ఈ యొక్క మాటను మరువరాదు.

ఆ శనివారము మువ్వురము రాయదుర్గమున మెట్రో యెక్కి, బండి మారనక్కరలేకయే ప్యారడైజు స్టేషనున దిగి, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయితిమి. కంప్యూటరు విడిభాగముల కది మన కాటన్ నూలు బజారువంటిది. ఒక చిన్న దుకాణమున పళ్లెములు లేని క్రొత్తరకపు డిస్కును, అదనపు జ్ఞాపకశక్తి పలకను, చిటికెడు లేపమును కొంటిమి. కుటుంబమంతయు ఒకపూట హోటలులో భుజించినంత సొమ్మైనది. మనుమడు బేరమాడుట నేర్చుకొనెను, అదియు విద్యయే.

ఆ రాత్రి లినక్సు అను ఉచిత వ్యవస్థను అందు నిలిపితిమి. దాని మూలమును 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ సొంత సరదాకొరకు మొదలిడెను. ఇది నా సరదా మాత్రమేయని ఆనాడే లోకమునకు చెప్పుకొనెను. నేడు రాయదుర్గపు మేడలలో నడచు పెద్ద యంత్రములలో ఎన్నింటికో అదియే ఆధారము. 1975లో కాలిఫోర్నియాయందు ఒక కారుషెడ్డులో కూడిన స్నేహితుల గుంపులోనే స్టీవ్ వోజ్నియాక్ తరువాత ఆపిల్ కంప్యూటరుగా మారిన దానిని తెచ్చి చూపెను. కారుషెడ్డులును, వంటయింటి బల్లలును, మిత్రులును ఈ విద్యకు పుట్టినిండ్లని తెలియుటకే యిది చెప్పితిని.

ఇక అసలు ముచ్చట. యంత్రము మేల్కొన్నది; దానితో నేమి చేయవలెనని మనుమడడిగెను. ఆటలాడుటకు వానికి వేరే యంత్రము గలదు. అప్పుడు మా యింటిది లేచిపోయి, మంచముక్రింది ఇనుప పెట్టెనుండి ఒక మూట తెచ్చి ముందు పడవేసెను. అవి మా నాయనగారి జకార్డు అట్టలు.

ధర్మవరపు పెద్దలకు నేను వివరింపనక్కరలేదు. పడుచువారికొరకు చెప్పెదను. మగ్గముమీది జకార్డు పెట్టెలో ప్రతి కొక్కెమునకు నొక సూది యుండును. అట్ట వచ్చి సూదులకు తాకును. చిల్లున్నచోట సూది దూరిపోవును. దాని కొక్కెము పైకి లేచును. ఆ కొక్కెమున కట్టిన పడుగు పోగులు లేచును. చిల్లు లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, పోగు లేవదు. ఒక అట్టకు ఒక పేక. అట్టలన్నియు వరుసగా తిరిగినచో అంచున హంసయో, మామిడిపిందెయో, రుద్రాక్షయో తేలును. ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జకార్డు 1804 ప్రాంతమున దీనిని రూపొందించెను. ఇంగ్లాండున బాబేజి తాను తలపోసిన గణనయంత్రమునకు ఆజ్ఞ లిచ్చుటకు ఈ అట్టలనే ఎన్నుకొనెను. అమెరికాలో 1890 జనాభాలెక్కలను హోలరిత్ చిల్లుల అట్టలతోనే లెక్కించెను. చిల్లు, చిల్లులేమి; ఔను, కాదు; ఒకటి, సున్న. కంప్యూటరు మన యింటికి పరాయిది కాదని నేను మనుమనికి ఏనాడో చెప్పియుండవలసినది. చెప్పలేదు, మగ్గము వదలివచ్చినందులకు నాకు లోలోపల సిగ్గుండెను.

మూటలో 96 అట్టలుండెను. కుట్టిన దారము చివికినది. ఏ చీర అంచుకు చెందినవో మా యింట ఎవరికిని తెలియదు. మగ్గమా, ఎన్నడో పోయినది. నాయనగారు 1978లో గతించిరి.

అట్టల వరుసను మా యింటిది తేల్చినది. కోడలిగా వచ్చిన క్రొత్తలో ఆమె ఈ పనే చేసెడిది. మిగిలిన దారపు కొసలను పట్టి, చెరగిన అంకెలను వ్రేలితో తడిమి, రెండు రాత్రులు కూర్చుండి మరల కుట్టినది. మనుమడు ఒక్కొక్క అట్టను కిటికీ అద్దమునకు ఆనించి, వెలుతురు చిల్లులగుండా వచ్చునట్లు ఫోనుతో చిత్రము తీసెను. అట్టను గళ్లుగా విభజించి, వెలుగున్న గడిని చిల్లుగా, చీకటిగడిని మూతగా లెక్కించు చిన్న ప్రోగ్రామును తానే వ్రాసెను. ఎక్కడెక్కడనో అడిగి నేర్చుకొని వ్రాసెను. నొక్కగానే తెరమీద ఆవాలు చల్లినట్లు చుక్కలు వచ్చినవి. హంస లేదు, పిందె లేదు.

వాని ముఖము చిన్నబోయినది. నేను అట్ట నొకదానిని చేత బట్టుకొని చాలసేపు కూర్చుంటిని. యాబది యేండ్ల క్రిందట మా నాయనగారు కొక్కెములు లెక్కించునప్పుడు వారి వ్రేలు ఎటు నడచెడిదో కన్నులు మూసికొని చూచితిని. పొడుగునగాదు! అడ్డముగా, చిన్న వరుస దిగి, మరల ప్రక్క చిన్న వరుస. వాడు పుస్తకము చదివినట్లు పొడుగున చదివించుచున్నాడు. ఆ మాట చెప్పగానే వాడు ప్రోగ్రామున ఒక పంక్తిని మార్చెను. హంస వచ్చినది! ఒకదాని వెనుక నొకటి, మెడలు వంచికొని, నడుమ తీగలతో. మా యింటిది పైటచెంగు నోటికి అడ్డుపెట్టుకొన్నది.

అయినను ప్రతి హంస ముక్కుయొద్దను ఒక పేక చెడి, గీత తెగినట్లు కనబడుచుండెను. పిల్లవాడు ఎంత దిద్దినను పోలేదు. రాత్రి పదకొండు దాటినది. మా కుమారుడు నీళ్లకై వచ్చి, తలుపుయొద్ద నిలిచి, కొంతసేపు చూచి, ఆఫీసు దుస్తులతోనే నేలమీద కూర్చుండెను. ఏ అట్టయని యడిగెను. ఆ అట్టను దీపమునకు ఎదురుగా పట్టి, గోటితో గీరి చూచెను. "ఇవి చిల్లులు కావు నాయనా, ఎవరో మూసినారు" అనెను. నిజమే. ఏడు చిల్లులమీద పలుచని కాగితము అంటించి, వాని ప్రక్కను మూడు క్రొత్త చిల్లులు చేతితో కొట్టబడియున్నవి. పలుచని కాగితముగుండా వెలుతురు వచ్చుటచేత యంత్రము వానిని చిల్లులని భ్రమించినది. ఎవరో కాదు, మా నాయనగారే. కొనితెచ్చిన అట్టలు వారికి నచ్చలేదు, దిద్దుకొనిరి.

ఆ ఏడు గళ్లను మా కుమారుడే చేతితో సరిచేసెను. పిమ్మట ప్రోగ్రామును చూచి, కొడుకుతో ఇది ఇట్లుకాక అట్లు వ్రాసిన బాగుండునని చెప్పనారంభించెను. రాత్రి రెండు గంటలవరకు వారు మాటలాడుకొనిరి. నేను నిద్రించినట్లు నటించితిని. రేడియో సంగతి ఎత్తి క్షమింపుమనవలెనని నోటివరకు వచ్చినది, అనలేదు. ఈ సభలో అనుచున్నాను. వాడు మూడవ వరుసలో కూర్చుండియున్నాడు.

కొంతమంది యడుగుదురు: ఈ కాలక్షేపమువలన పరీక్షలు చెడవా? చెడును. ఆ త్రైమాసికమున మనుమనికి సాంఘిక శాస్త్రమున మార్కులు తగ్గినవి, కోడలు నాతో నాలుగు దినములు ముభావముగా నుండెను. దాచనేల? అయినను పరీక్షకు పనికివచ్చు విద్యయే విద్యయను మాటను నేను ఒప్పుకొనజాలను. చింతకింది మల్లేశముగారిని తలచుకొనుడు. ఆలేరు ప్రాంతపు శారాజీపేటలో నేతగాండ్ర యింట పుట్టి, ఆరవ తరగతితో బడి మానినవారు. పోచంపల్లి తరహా చీర కొక్కదానికి ఆసు పోయుటలో చేతిని తొమ్మిదివేల పర్యాయములు ఆడింపవలెను. వారి తల్లి లక్ష్మిగారు భుజముల నొప్పితో ఆ పని చేయుట చూడలేక 1992లో యంత్రము చేయబూనిరి. డబ్బు పోయినది, నలుగురు నవ్విరి. హైదరాబాదులో కూలిపనిచేయుచు, అచ్చటి యంత్రము నొకదానిని చూచి చిక్కు విడదీసికొని, 1999లో ముగించిరి. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. దానికి తల్లిపేరే పెట్టిరి. తరువాత ఎలక్ట్రానిక్ నియంత్రణమును గూడ చేర్చిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. బిరుదుకొరకు గాదు నేను చెప్పుట. ఆసు స్త్రీల పని యగుటచే మగవారు ఎన్ని తరములు దానిని చూచియు చూడక యుండిరో గమనింపుడు.

మా రాయదుర్గముననే 2023 మార్చి 2వ తేదీని టీ-వర్క్సు అను ప్రభుత్వ నిర్మాణశాల ప్రారంభింపబడినది. 78,000 చదరపు అడుగుల స్థలమున, మనసులోని వస్తువును చేతిలోనికి తెచ్చుకొనుటకు కావలసిన యంత్రములను అమర్చిరి. మన విద్యార్థులు చూడదగినది. కాని ధర్మవరమునుండియు సిరిసిల్లనుండియు వచ్చి మన వసతిగృహమున నుండు పిల్లవాడు, ఇంటిలో ఒక్క మరయైనను విప్పనివాడు, అట్టి చోటి గడప ద్రొక్కుటకే బెదరును. గడపకు ముందొక మెట్టు కావలెను.

కావున నేను కోరునది యిది. వసతిగృహమున పుస్తకముల గదికి ప్రక్కనున్న సామానుల గదిని ఖాళీచేయించి, ఒక పొడుగాటి బల్ల, నాలుగు దీపములు, మరలు విప్పు పనిముట్లు, గ్రుడ్ల అట్టపెట్టెలు ఉంచుడు. ఆదివారములయందు అది బాలురకును బాలికలకును సమముగా తెరచియుండవలెను. మహారాజపోషకులకు ప్రత్యేకముగా మనవి: మీ కార్యాలయములలో విండోస్ మార్పువలన మూలబడిన కంప్యూటరులను పాతసామానువానికి అమ్మకుడు, ఇటు పంపుడు. డిస్కులను తీసి మీయొద్దనే యుంచుకొనుడు. మీ లెక్కలు మాకక్కరలేదు. బాగుపడినవానిలో తెలుగున ఆజ్ఞలు కనబడునట్లు వ్యవస్థను నిలిపి, నేత గ్రామముల పాఠశాలలకు పంపెదము. పని నేర్పుటకు జీతగాండ్రక్కరలేదు. విరమించిన మావంటివారు పెక్కుమంది ఉదయపు నడక ముగిసినపిదప దినమంతయు ఏమి చేయుదుమాయని కూర్చుండియున్నారు.

సంఘనిధిని ఆటవస్తువులకు వ్యయపరుపవచ్చునాయని నిన్న కార్యవర్గమున నొకరు ప్రశ్నించినట్లు వింటిని. వ్యయపరుపవలదు. మొదటి సంవత్సరపు వ్యయమును నా పింఛనునుండి నేను భరించెదను, గదిని మాత్రమిండు.

ఆ 96 అట్టలను, వానినుండి తేలిన హంసల అంచు చిత్రమును వాకిట బల్లమీద పెట్టియున్నాను. నాయనగారు ఆ ఏడు చిల్లులను ఏల మూసిరో, ఆ మూటిని ఏల కొట్టిరో మాకింకను తెలియలేదు. ముక్కు వంపును మార్చుటకని మనుమడనును. పోగు తెగకుండుటకని మా కుమారుడనును. ఆ కాలపు ధర్మవరపు నేతను చేతితో ఎరిగిన పెద్దలెవరైన నిచ్చట నున్నచో, సభ ముగిసినపిదప దయచేసి ఒకసారి ఆ అట్టను వెలుతురునకు పట్టి చూడుడు. నేను అరుగుమీదనే కూర్చుండియుందును.